పూజ మరీ బాగా కుదిరిన రోజు

నిజామాబాద్‌లో మా హాల్‌ను హాల్ అని ఎవరూ అనేవారు కాదు. గేటు మీద సిమెంటు అక్షరాల్లో కాథలిక్కు విశ్వవిద్యాలయ విద్యార్థుల వసతి మందిరమని ఇంత పొడుగు పేరుండేది. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే డ్రైవరు బస్టాండు చుట్టూ తిప్పి, రైల్వే గేటు దాకా తీసుకెళ్లి, అక్కడ ఇద్దరు ముగ్గురిని అడిగి, చివరికి మా గేటు ముందు ఆపి, "ఫాదర్ బంగ్లా అని చెప్పొద్దా సార్, గింత తిప్పల పెడ్తివి" అని మనల్నే తిట్టేవాడు. బంగ్లా అన్నారు కదా అని పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడుగాటి వరండా, దాని వెంట గదులు, ఆ చివర మెస్సు, ఈ చివర గుడి. గుడి కూడా మొదట్లో గదేనట. ఎవరో దాత రంగు అద్దాల కిటికీ ఒకటి ఇస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆ గదిలో పెట్టి గుడి చేశారు.

నేను అక్కడ సబ్‌వార్డెన్‌ని. ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పేవాణ్ని. ఆ జీతానికి పిల్లనిచ్చే మామ సంగతి దేవుడెరుగు, గది అద్దెకిచ్చే యజమాని కూడా దొరకలేదు. అందుకని పై గదిలో ఊరికే ఉంటూ, పిల్లలు గోడ దూకకుండా చూసే పని ఒప్పుకున్నాను. పైగా నేను కాథలిక్కును కాను. మాది మోస్రా, తరతరాల మెథడిస్టులం. నేను కాథలిక్కుల పంచన చేరానని తెలిసి మా అవ్వ శోకం పెట్టింది.

"గాళ్ల తానికి పోయినవా బిడ్డా? ఇగ బొమ్మలకు మొక్కుతవా?" అంది.

నేను మొక్కలేదు. ఆ మాటకొస్తే అక్కడ మొక్కేవాళ్లే లేరు, ఒక్క ఫాదర్ తప్ప.

ఒకప్పుడు అలా ఉండేది కాదట. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగ వదిలిన రోజుల్లో అక్కడ పనిచేసే కాథలిక్కు కుటుంబాలన్నీ పిల్లల్ని పైచదువుకు ఇక్కడే చేర్పించేవి. మెస్సు గోడ మీద ఆ కాలం నాటి గ్రూపు ఫొటోలు ఉండేవి. బెల్‌బాటం ప్యాంట్లు, చెవులు కప్పిన జుట్టు, మధ్యలో నల్లటి గడ్డంతో, అప్పటికింకా కుర్రాడైన మా ఫాదర్. ఫ్యాక్టరీ బందయింది. కుటుంబాలు తలో దిక్కూ వెళ్లిపోయాయి. డిచ్‌పల్లిలో యూనివర్సిటీ వచ్చి సొంత హాస్టళ్లు కట్టుకుంది. మా గదులకు తాళాలు పడ్డాయి. తాళం చూస్తే ఫాదర్‌కు ఒళ్లు మండేది. అందుకని ఎవరొచ్చినా చేర్చుకోవడం మొదలుపెట్టారు. కులం అడగలేదు, మతం అడగలేదు, మార్కులు అంతకన్నా అడగలేదు. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"కారం తింటవా?"

తింటానంటే అడ్మిషన్ అయిపోయినట్టే.

నేను వెళ్లేసరికి ఆ ప్రవేశ పరీక్షలో నెగ్గిన వాళ్లతో వరండా నిండుగా ఉంది. బోధన్ కాలువ కింద పొలాలున్న ఆంధ్ర రైతుల పిల్లలు కొందరు, కమ్మర్‌పల్లి నుంచి తండ్రి దుబాయిలో ఉన్న ఒకడు, రెంజల్ నుంచి ఒక ముస్లిం కుర్రవాడు, ఇంకా అటూ ఇటూ ఊళ్ల వాళ్లు. వెతికినా ఒక్క కాథలిక్కు లేడు. వంట చేసే అక్క కూడా మాలాగే మెథడిస్టు. భర్త పోయాక ఈ మెస్సును పట్టుకుని వేలాడుతోంది. ఆమె వండినవన్నీ ఫాదర్ తింటారు, తిన్నవన్నీ తిడతారు, అక్క అంతకు రెండింతలు తిరిగి తిడుతుంది. వాళ్లిద్దరి మధ్య ఆ లొల్లి లేని పూట ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

ఫాదర్ గురించి చెప్పాలి. ఆయన పుట్టింది కేరళలో. మీసం మొలిచేనాటికి ఇక్కడికొచ్చారు. తెలుగు ఏ పంతులు దగ్గరా నేర్చుకోలేదు, పిల్లల దగ్గరా కూరగాయల బండ్ల దగ్గరా నేర్చుకున్నారు. కాబట్టి ఆయన ప్రసంగం కూడా కూరగాయలు బేరమాడినట్టే ఉండేది. "దేవుడు నిన్ను మస్తు ప్రేమిస్తుండు, నువ్వు ఏంది రా ఫోన్ల గాడిద లెక్క మొఖం పెట్టినవ్" అనేవారు. నీళ్ల మోటారు ఆగిపోతే ఉర్దూలో తిట్టేవారు. ఆ తిట్లకు మోటారు నిజంగానే నడిచేది. కేరళ నుంచి చుట్టాలు ఫోను చేస్తే మలయాళం మధ్యలో "గట్లనా", "జర ఆగు" అని దొర్లేవి. అవతలి వాళ్లు ఏమనుకునేవారో పాపం.

రోజూ సాయంత్రం ఆయన ఒక్కరే పూజ చేసేవారు. కాథలిక్కుల పూజలో ఫాదర్ ఒక మాట అంటే జనం ఒక మాట తిరిగి చెప్పాలి. జనం లేరు కదా. ఆయన పీఠం దగ్గర నిలబడి, "ఏలినవారు మీతో ఉందురు గాక" అని గంభీరంగా అని, వెంటనే గొంతు కాస్త సన్నం చేసి, "మీ ఆత్మతోను ఉందురు గాక" అని తనే జవాబు చెప్పుకునేవారు. మొదటిసారి విన్నప్పుడు లోపల ఇద్దరున్నారనుకున్నాను. తొంగి చూస్తే ఆయన, ఖాళీ బెంచీలు. నవ్వొచ్చింది. నాలుగు రోజులు పోయాక నవ్వు రావడం మానేసింది. ఆయన మాత్రం దాన్ని విచారంగా ఏమీ తీసుకునేవారు కాదు. ఒకసారి అడిగితే, "నేను చెప్పిన దానికి నేను ఒప్పుకున్న. లొల్లి లేదు. బయట ఎవడు ఒప్పుకుంటుండు?" అన్నారు.

పిల్లలు ఆ సమయానికి వరండాలోనే ఉండేవారు, భక్తితో కాదు. పూజ అయితే గానీ మెస్సు తెరవకూడదని అక్కకు ఆయన ఆజ్ఞ. అందుకని కంచాలు చేతపట్టుకుని గుడి తలుపు దగ్గర కాపు కాసేవారు. పూజ ఎంతవరకు వచ్చిందో రెంజల్ కుర్రవాడికి బాగా తెలుసు. "ఇగ సగం అయింది," "ఇగ గిన్నె తుడుస్తుండు, లైన్ల నిలబడుండ్రి" అని మిగతావాళ్లకు వార్తలు అందించేవాడు.

ఇలా ఎవరికీ పట్టని చోట హాయిగా ఉండగా, ఒకరోజు అక్క చేతులు తుడుచుకుంటూ నా గది మెట్లెక్కి వచ్చింది. ఆమె మెట్లెక్కిందంటే విషయం గట్టిదే. బిషప్ గారింట్లో వంట చేసే మనిషి ఆమెకు వరుసకు చెల్లెలు. ఆమె ఫోను చేసిందట.

"సారు, బిషప్ వస్తుండంట. హాల్ల పిల్లలు లేరు, భక్తి లేదు అని ఎవరో ఎక్కిచ్చిండ్రంట. సూసి బందు పెడ్తరంట. ఫాదర్ సాబును ముసలి ఫాదర్ల ఇంటికి పంపుతరంట."

ముసలి ఫాదర్ల ఇల్లు హైదరాబాద్ అవతల ఎక్కడో ఉంది. వయసైపోయిన గురువులను చూసుకునే చోటు. మంచి చోటేనని అందరూ అంటారు. మా ఫాదర్ ఒకసారి స్నేహితుణ్ని చూడ్డానికి వెళ్లొచ్చి, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "అందరు గోడ దిక్కు కుర్సీ వేస్కొని కూసున్నరు. చీకటి పడకముందే అన్నం పెడ్తరు. ఉప్పు లేదు, కారం లేదు. ఎవడు ఎవని తోటి మాట్లాడడు. నన్ను జైల్ల వెయ్యుండ్రి, గక్కడ వెయ్యకుండ్రి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశారు. లోకంలో ఆయన భయపడేది ఆ ఒక్కదానికే.

"అయితే ఏం చేద్దాం అక్కా?" అన్నాను.

"ఏం జెయ్యాలె? పిల్లలున్నరు, భక్తి ఉన్నది అని సూపియ్యాలె. పిల్లలు ఎట్లగూ ఉన్నరు. భక్తి నువ్వు నేర్పు. సదువుకున్నవ్ గద."

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా కనిపించదు. ఫోనులో పూజ వీడియోలు వెతికి, జవాబులన్నీ కాగితాల మీద రాసి పిల్లలకు పంచాను. మధ్యాహ్నం భోజనం కాగానే ఫాదర్ పడుకుంటే వరండాలో లారీ బోల్తా పడ్డా లేవరు. ఆ వేళల్లో మెస్సులో రిహార్సల్. నేను స్టూలు మీద నిలబడి ఫాదర్ మాటలు చదివేవాణ్ని, వాళ్లు జవాబులు చెప్పేవారు. కంఠస్థం చేయడం వాళ్లకు ఒక లెక్క కాదు, గైడ్లు బట్టీ పట్టి ఇంతదాకా వచ్చినవాళ్లే. లేవడం, కూర్చోవడం, మోకరించడం దగ్గరే వచ్చింది చిక్కు. నిలబడాల్సినచోట సగంమంది మోకరించేవారు, మోకరించాల్సినచోట కమ్మర్‌పల్లివాడు కూర్చుని కునుకు తీసేవాడు.

"సార్, గిది పూజనా, డ్రిల్లు పీరియడా?" అని అడిగాడు వాడు మోకాళ్లు రుద్దుకుంటూ.

రెంజల్ కుర్రవాడు మొదటిరోజే నా దగ్గరికొచ్చి, "సార్, నేను గవి చదవను. మా ఇంట్ల ఒప్పుకోరు, నాకు గూడ మంచిగనిపియ్యది. గని ఫాదర్ పోవద్దు. వేరే పని ఉంటె చెప్పుండ్రి" అన్నాడు. సూటిగా చెప్పినందుకు నాకు వాడి మీద గౌరవం పెరిగింది. వాడికి మైకు పెట్టె అప్పగించాను. అది పీఠం పక్క తలుపు దగ్గర ఉంటుంది, అక్కడ నిలబడితే పిల్లలందరికీ కనిపిస్తాడు, బిషప్‌కు కనిపించడు. ఏది ఎప్పుడొస్తుందో హాల్ మొత్తమ్మీద వాడికే తెలుసు కదా. భుజం మీద తువ్వాలు ఎత్తితే లేవాలి, దించితే కూర్చోవాలి, పిండితే మోకరించాలి. అక్కడి నుంచి రిహార్సల్ గడియారంలా నడిచింది.

ఫాదర్‌కు ఏమీ చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు. ఆయన మోటారును తిట్టేవారేగానీ అబద్ధమాడే మనిషి కాదు. బిషప్ వస్తున్న సంగతి ఆయనకు ఫోనులో తెలిసింది. ఆ రోజు నుంచి అక్కను తిట్టడం మానేశారు. అక్క కంగారుపడి కావాలని పప్పులో ఉప్పు ఎక్కువేసింది. అయినా ఏమీ అనకుండా తిని లేచారు. అప్పుడు అక్క వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

బిషప్ గారు వచ్చిన సాయంత్రం పిల్లలందరూ ఇస్త్రీ చొక్కాలతో, తడిపి దువ్విన తలలతో బెంచీల మీద కూర్చున్నారు. ఆ గుడిలో అంత మందిని నేనెప్పుడూ చూడలేదు, ఆ గోడలూ చూసి చాలాకాలమై ఉంటుంది. బిషప్ గారిది గుంటూరు వైపు. పెద్దమనిషి, మోకాళ్ల నొప్పులు, మెత్తటి మాట. ఫాదర్ ఆయన పక్కన తెల్లటి అంగీ తొడుక్కుని, తల వంచుకుని నిలబడ్డారు. పిల్లలు ఎందుకు లోపలికొచ్చారో ఆయనకు అర్థం కాలేదు. బిషప్‌ను చూసే సరదాతో వచ్చారనుకుని ఉంటారు.

బిషప్ గారు చేతులు చాపి, "ఏలినవారు మీతో ఉందురు గాక" అన్నారు.

అలవాటుగా ఫాదర్ గొంతు సన్నం చేసుకుని జవాబు మొదలుపెట్టారు. ఆయన నోట మొదటి మాట వచ్చేలోపే వెనక నుంచి పిల్లలందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. బిషప్ గారు ఉలిక్కిపడి పుస్తకంలో పేజీ పోగొట్టుకున్నారు. ఫాదర్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి మమ్మల్ని చూశారు. తర్వాత రెండో జవాబు వచ్చింది, మూడోది వచ్చింది. ఎన్నో ఏళ్లుగా తను ఒక్కడే చెప్పుకున్న మాటలు ఎదుటి నుంచి వస్తుంటే ఆయన వింటూ నిలబడ్డారు. మెథడిస్టును కాబట్టి కాథలిక్కు పూజలో ఏడవకూడదని గట్టిగా అనుకుని ఆపుకున్నాను.

అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుండగా అప్పం, అంటే క్రీస్తు శరీరమని వాళ్లు నమ్మే పలచటి రొట్టె బిళ్ల, పంచే ఘట్టం వచ్చింది. ఇక్కడే నా చదువు బయటపడింది. మా మెథడిస్టు చర్చిలో ప్రభువు భోజనమప్పుడు అందరం వరుసగా వెళ్లి తీసుకుంటాం, లేవకుండా కూర్చుంటే ఏదో పాపం చేశాడని ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. కాథలిక్కులకూ అంతేననుకుని, "అందరూ లేచి లైన్లో పోవాలి, ఒక్కడు కూడా కూర్చోవద్దు" అని పిల్లలకు మరీ మరీ చెప్పాను. కాథలిక్కులు కానివాళ్లు దాన్ని తీసుకోకూడదని, కాథలిక్కులైనా చేసిన తప్పులు ముందుగా ఫాదర్‌తో చెప్పుకుని గానీ ముట్టకూడదని వాళ్ల నియమం. అది వీడియోలో ఎవరూ చెప్పలేదు.

తువ్వాలు లేచింది. పిల్లలందరూ లేచారు. ముందు బోధన్ రైతుల పిల్లల్లో ఒకడు, గుడిలో తీర్థానికి పట్టినట్టు కుడిచేయి దొప్ప చేసి, దాని కింద ఎడమచేయి పెట్టుకుని భక్తిగా బయల్దేరాడు. వాడి వెనక వరుస. బిషప్ గారు పళ్లెం పట్టుకుని నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. ఫాదర్ ముఖంలో రంగు పోయింది. ఆ అప్పం ఆయనకు ప్రాణం. అది వీళ్లు ప్రసాదంలా నోట్లో వేసుకుంటే ఆయన చూడలేరు. వద్దని అంటే పిల్లల గుట్టు అక్కడే రట్టవుతుంది.

అంత వయసులో ఆయన అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. పీఠం దిగి, బోధన్‌వాడి రెండు చేతులూ పట్టుకుని వాడి గుండెల మీద అడ్డంగా పెట్టి, మెడ పట్టి తల వంచారు. అప్పం వద్దు, దీవెన చాలని దానర్థమట. బిషప్ గారు ఒక క్షణం తడబడి, వాడి తల మీద చేయి పెట్టి దీవించారు. వెనకున్నవాళ్లు చూసింది చూసినట్టు చేతులు అడ్డం పెట్టుకున్నారు. కమ్మర్‌పల్లివాడు, అక్క, చివరికి నేను. నా తల మీద కూడా బిషప్ గారి చేయి పడింది. మా అవ్వ చూస్తే ఏమయ్యేదో. ఆ రోజు బిషప్ గారు కాక అప్పం తీసుకున్నది ఫాదర్ ఒక్కరే.

పూజ అయ్యాక అందరం మెస్సులో చేరాం. అక్క కోడి కూర, బగారన్నం చేసింది. బిషప్ గారిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పక్క ఫాదర్, ఇంకో పక్క నేను కూర్చున్నాం. బిషప్ గారు ముద్ద నోట్లో పెట్టకుండా పిల్లల వంక చూస్తున్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అక్క కారం వల్ల అనుకున్నాను, ఆయన ఇంకా తినలేదని తర్వాత గుర్తొచ్చింది.

"నేను చాలా చోట్ల చూశానండి," అన్నారు. "పాపసంకీర్తనం చేయకుండానే యువకులు నిస్సంకోచంగా సత్ప్రసాదం తీసుకుంటున్నారు. ఇక్కడ ఒక్కళ్లు కూడా ముట్టలేదు. ముందుగా తప్పులు చెప్పుకోలేదు కాబట్టి అర్హత లేదనుకున్నారు. అవునా బాబూ?"

పిల్లలు రెంజల్‌వాడి వంక చూశారు. వాడు నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడి, ఏం చేయాలో తోచక తల ఊపాడు. అందరూ తలలు ఊపారు.

"ఎంత నిష్ఠ! ఎంత నిజాయితీ!" అన్నారు బిషప్ గారు. తర్వాత ఫాదర్ చేతిమీద చేయి వేశారు. "నిజం చెప్పాలంటే ఫాదర్, నేను వేరే నిర్ణయంతో వచ్చాను. హాల్లో మన పిల్లలెవరూ లేరని విన్నాను. అలాగైతే మెస్సు, గదులు మూసేసి, మిమ్మల్ని మాత్రం ఈ ఇంట్లోనే ఉండనిద్దామనుకున్నాం. ఈ వయసులో మిమ్మల్ని కదిలించడం ఎందుకని. కానీ ఇక్కడ చూస్తే ఇంతమంది పిల్లలు. ఇంతమంది పాపసంకీర్తనం వినాలి, బోధించాలి. మీ ఒక్కరి వల్ల అవుతుందా? ఇది కుర్ర గురువు ఉండాల్సిన చోటండి. మీరు చేసింది చాలు. ఇక విశ్రాంతి తీసుకోండి. అక్కడ మీకు గది సిద్ధం చేయిస్తాను."

అక్క చేతిలో గరిటె కూర గిన్నెలో పడిపోయింది. ఆమె చెల్లెలు వార్త సగమే విని మోసుకొచ్చింది. మూసేసేది హాల్‌ను, పంపేది ఫాదర్‌ను కాదు. మేము ఆయన్ని ఉంచడానికి అంత కష్టపడి, మా చేతులతో మేమే సాగనంపుతున్నాం.

ఒక్క మాట చెబితే చాలు, వీళ్లలో ఒక్కడికీ బాప్తిస్మం లేదని. ఫాదర్ ఈ ఇంట్లోనే ఉంటారు. చెప్పడానికి నోరు తెరిచాను. బల్ల కింద నా పాదం మీద ఫాదర్ చెప్పు పడింది. ఊరికే పడలేదు, కసిగా తొక్కి పెట్టారు. ఆయన ముఖం మాత్రం బిషప్ వైపే ఉంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. గదులు మూసేస్తే పిల్లలు ఎక్కడికి పోతారో, అక్క ఎక్కడికి పోతుందో ఆ క్షణంలో ఆయనకు తట్టింది, నాకు తట్టలేదు.

"మంచిది బిషప్ గారు," అన్నారు ఫాదర్. "మీరు అన్నం తినుండ్రి. సల్లారిపోతున్నది."

తర్వాత వచ్చిన కుర్ర ఫాదర్ మంచివాడు. బైకు మీద తిరిగేవాడు. మొదటి శనివారం పాపసంకీర్తనం వినడానికి మెడలో ఊదారంగు పట్టీ వేసుకుని గుడిలో చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ వెళ్లలేదు. రెండో శనివారం జాలిపడి బోధన్‌వాడు వెళ్లి, తనకు తోచిన తప్పులన్నీ చెప్పుకుని వచ్చి, "భలే తేలిగ్గా ఉందండీ సార్, మీరూ వెళ్లండి" అని నాకు సలహా ఇచ్చాడు. ఆ రాత్రే కుర్ర ఫాదర్ నా గదికొచ్చాడు.

"సార్, వీళ్లల్లో ఒక్కడు గూడ కాథలిక్కు కాదు గద?" అన్నాడు.

"కాదు ఫాదర్."

"మీరు?"

"మెథడిస్టు."

తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి తల ఎత్తి, "రేపు మెస్సుల ఏమున్నది?" అని అడిగాడు. కోడి కూర అన్నాను. పైవాళ్లకు ఆయన ఏమీ చెప్పలేదు. అలా హాల్ ఇంకొన్నాళ్లు బతికింది. ఆ పిల్లలు పరీక్షలు రాశారు, ఉద్యోగాలకు పోయారు. కొత్తవాళ్లు రావడం తగ్గింది. చివరికి అక్క కూడా కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక మెస్సు మూతపడింది. ఇప్పుడు అక్కడ ఏదో కోచింగ్ సెంటరు నడుస్తోంది. రంగు అద్దాల కిటికీకి ఏసీ బిగించారు.

ఫాదర్ వెళ్లిన రోజు సంగతి చెప్పకుండా దాటేద్దామని ఇంతదాకా చూశాను.

పొద్దున్నే కారొచ్చింది. ఆయన సామాను ఒక్క సంచిలో సరిపోయింది. అక్క పచ్చళ్లు కట్టి ఇస్తే, "గింత నూనె పోస్తవా? మనిషిని సంపుతవా?" అని చాలా రోజుల తర్వాత తిట్టారు. ఆమె ఏడుస్తూనే "తింటె తినుండ్రి, లేకుంటె పారబోయుండ్రి" అంది. నేను ఆయన్ని వరండా చివరికి తీసుకెళ్లాను. నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువగా ఉంది.

"మీరు నా కాలు తొక్కకపోతే నేను చెప్పేసేవాణ్ని ఫాదర్. మీరు ఇక్కడే ఉండేవారు."

"ఉంటుంటి," అన్నారు. "పోరగాళ్లు పోతుండ్రి. ఒట్టి బంగ్లాల పొద్దంత ఎవని మీద ఒర్రాలె నేను? గోడల మీదనా? దానికి ఆడికి పోతె ఏంది, ఈడ ఉంటె ఏంది?"

ఆయన నా భుజం మీద ఒక్కటి చరిచి, కారెక్కారు. పిల్లలందరూ చుట్టూ మూగారు. కాళ్లకు దండం పెట్టబోతే తిట్టారు. రెంజల్‌వాడి చెవి మెలేశారు. కమ్మర్‌పల్లివాణ్ని చదువుకోమన్నారు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. అప్పుడు ఆయన అద్దం దించి, తల బయటికి పెట్టి అందరినీ ఒకసారి చూశారు.

"పూజల గంత మంచిగ చదవమని ఎవడు చెప్పిండు రా మీకు?" అన్నారు. "జర తప్పులు చదివితే ఏం పోతుండె?"

ఎప్పటిలా తిడుతున్నారనుకుని మేమంతా నవ్వాం. ఫాదర్ నవ్వలేదు. అద్దం పైకెత్తుకుని, డ్రైవరును పోనిమ్మన్నారు.